వీల్‌చెయిర్ రగ్బీలో చేతుల సంగతి ఎవరూ రాయరెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ చెన్నై పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం వేశారు. వీల్‌చెయిర్ రగ్బీలో ఒళ్లంతా బాగున్నవాళ్లు కూడా కుర్చీల్లో కూర్చొని ఆడుతున్న వీడియో చూశానని, అది వికలాంగుల నోటి దగ్గర కూడు లాక్కోవడమేనని ఆయన రాశారు. ఆ కోపం నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే చదవగానే సంతోషమే వేసింది, ఎందుకంటే ఈ ఆట గురించి తెలుగు పేపర్లో ఒకరు పట్టించుకుని రాయడం నేను చూడటం ఇదే మొదటిసారి. అయితే ఆయన రెండు వేరు వేరు ఆటల్ని ఒకటిగా కలిపేశారు. పైగా ఉత్తరం మొత్తం కాళ్ల గురించే ఉంది. ఈ ఆటలో అసలు సంగతి చేతులది. అది చెప్పాలనే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను, కత్తిరించకుండా వేస్తారని ఆశ.

ముందు మా సంగతి చెప్పాలి. మాది నాయుడుపేట దగ్గర పల్లె. నాన్న ఉద్యోగం కోసం ముప్పై ఏళ్ల కిందట అంబత్తూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఆరేళ్ల కిందట మా తమ్ముడు సంక్రాంతికి ఊరెళ్లి బైకు మీద తిరిగి వస్తూ గుమ్మిడిపూండి దాటాక పడిపోయాడు. మెడలో వెన్నుపూస విరిగింది. డాక్టర్లు సీ-6 అన్నారు, అంటే మెడలో ఆరో స్థాయి దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఆ మాటకు అర్థం పూర్తిగా తెలియడానికి మాకు కొన్ని నెలలు పట్టింది. భుజాలు ఆడతాయి, మోచెయ్యి మడవగలడు, మణికట్టు పైకి ఎత్తగలడు. మడిచిన చెయ్యిని బలంగా చాచలేడు. వేళ్లు కదలవు. మణికట్టు పైకెత్తితే వేళ్లు వాటంతట అవే కాస్త లోపలికి ముడుచుకుంటాయి, ఆ ముడతలోనే స్టీలు గ్లాసు ఇరికించుకుని మంచినీళ్లు తాగుతాడు. ఇది నేర్చుకోవడానికి వాడికి ఎనిమిది వారాలు పట్టింది. మొదటిసారి గ్లాసు కింద పడకుండా నోటిదాకా తెచ్చుకున్న రోజు మా అమ్మ దేవుడి గదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

కుర్చీలో కూర్చున్న మనిషి కనబడితే మనందరి చూపు కాళ్ల మీదికే పోతుంది. 'పాపం నడవలేడు' అనుకుంటాం. మా తమ్ముణ్ణి అడిగితే నడక మూడో నాలుగో సంగతి అంటాడు. చొక్కా గుండీ, ఫోన్, అన్నం ముద్ద, ఆటో డ్రైవర్‌కి డబ్బులు తీసివ్వడం, ఇవన్నీ చేతులు. వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ ఆడే వాళ్లను చూసి వాడికీ ఆశ పుట్టింది, వెళ్లాడు కూడా. బంతిని పట్టుకుని పది అడుగుల ఎత్తున్న రింగులోకి వేయాలంటే వేళ్లు కావాలి, మోచెయ్యి చాచే బలం కావాలి. నెల రోజులు వెళ్లి మానేశాడు. అక్కడివాళ్లు మంచివాళ్లే, ఎవరూ ఏమీ అనలేదు. బంతి ఇవ్వాల్సి వచ్చినప్పుడు వీడికి కాకుండా పక్కవాడికి ఇచ్చేవాళ్లు, అంతే.

వీల్‌చెయిర్ రగ్బీ పుట్టిందే ఇలాంటి బాధలోంచి. 1970లలో కెనడాలోని విన్నిపెగ్‌లో మెడ దగ్గర దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ దెబ్బతిన్న కొందరు కుర్రాళ్లు, బాస్కెట్‌బాల్‌లో తమకు చోటు లేకపోవడం చూసి, తమ చేతులకు సరిపోయే ఆట తామే తయారు చేసుకున్నారు. వాళ్లలో డంకన్ క్యాంప్‌బెల్ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆటకు వాళ్లు పెట్టిన పేరు మర్డర్‌బాల్. కుర్చీ కుర్చీని గుద్దుకోవడం చూస్తే ఆ పేరెందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. 1996 అట్లాంటా పారాలింపిక్స్‌లో ప్రదర్శనగా ఆడించారు, 2000 సిడ్నీ నుంచి పతకాలు ఇస్తున్నారు. పేరు రగ్బీయే గానీ బాస్కెట్‌బాల్ కోర్టు మీదే ఆడతారు, బంతి గుండ్రంగా వాలీబాల్‌లా ఉంటుంది. జట్టుకు నలుగురు, ఆడా మగా కలిసే ఆడొచ్చు. ఎనిమిదేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. బంతి దగ్గరుంచుకుని కుర్చీ రెండు చక్రాలూ అవతలి గీత దాటితే ఒక గోల్. కబడ్డీ చూసే మనకు గీత తాకడంలో ఉండే ఉద్వేగం కొత్త కాదు కదా, ఇదీ అంతే. బంతి చేతికొచ్చాక 12 సెకన్లలో సగం కోర్టు దాటాలి, 40 సెకన్లలో గోల్ వేయాలి, పది సెకన్లకోసారి బంతిని నేలకు కొట్టడమో ఇంకొకరికి ఇవ్వడమో చేయాలి. బంతిని వేళ్లతో పట్టుకోనక్కర్లేదు. ముంజేతులతో చేదుకుని ఒళ్లో వేసుకుంటే చాలు. మా తమ్ముడు మొదటిసారి అలా ఒళ్లోకి చేదుకున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఇక పాయింట్ల సంగతి. ప్రతి ఆటగాడికీ వాళ్ల శరీరం ఎంతవరకు పనిచేస్తుందో పరీక్షించి 0.5 నుంచి 3.5 వరకు ఒక అంకె ఇస్తారు. చేతి బలం తక్కువైన కొద్దీ అంకె తక్కువ. కోర్టులో ఉన్న నలుగురి అంకెలూ కలిపితే 8 దాటకూడదు. ఆడవాళ్లు ఉంటే ఒక్కొక్కరికి అర పాయింటు చొప్పున వెసులుబాటు ఇస్తారు. అంటే జట్టులో అందరూ బలవంతులే ఉంటే లెక్క కుదరదు, వాళ్ల పక్కన తక్కువ అంకె ఉన్నవాడు తప్పనిసరిగా కావాలి. మామూలుగా ఏ ఆటలోనైనా బలహీనుణ్ణి బయట కూర్చోబెడతారు, ఇక్కడ వాడు లేకపోతే బలవంతుడు కోర్టులోకి రాలేడు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

పాఠకుడు గారికి ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆస్ట్రేలియా జట్టులో రైలీ బాట్ అని పేరున్న ఆటగాడు. పుట్టుకతోనే కాళ్లు లేవు, వేళ్లు అతుక్కుని పుడితే ఆపరేషన్ చేసి విడదీశారు. 2012 లండన్‌లోనూ 2016 రియోలోనూ స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. రియో ఫైనల్ అయితే అదనపు సమయం రెండుసార్లు పెంచాక 59-58తో అమెరికా మీద గెలిచారు. రెండు కాళ్లూ లేని ఆ మనిషికి ఇచ్చిన అంకె ఎంతో తెలుసా? 3.5. అందరికన్నా ఎక్కువ. భుజాలూ నడుమూ బలంగా ఉన్నాయి, చేతులు చాలావరకు పనిచేస్తాయి కాబట్టి. కాళ్లు ఉండి, చూడ్డానికి ఏమీ కానట్టు కనిపించే మా తమ్ముడికి మా కోచ్ వేసిన అంకె 1.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఒంట్లో ఏ లోపం లేని మనిషి ఈ ఆటలో కూర్చోవచ్చా? అధికారిక పోటీల్లో కూర్చోకూడదు, నిబంధనలే ఒప్పుకోవు. కాళ్లతో పాటు చేతుల్లోనూ లోపం ఉంటేనే అర్హత. పాఠకుడు గారు ఈ విషయంలో బెంగ పెట్టుకోనక్కర్లేదు.

మరి ఆయన చూసిన వీడియో? ఆయన ఉత్తరంలో కోడిగుడ్డు ఆకారం బంతి అనీ, భుజాల దగ్గర వేలాడే పట్టీలు లాక్కుంటున్నారనీ రాశారు కాబట్టి అది వీల్‌చెయిర్ రగ్బీ లీగ్ అయ్యుంటుంది. పేరులో ఒక్క మాటే తేడా, ఆట పూర్తిగా వేరు. 2004 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో మొదలైంది. జట్టుకు ఐదుగురు, కిందపడేసే ట్యాక్లింగ్ బదులు పట్టీ లాగుతారు, బంతి వెనక్కే ఇవ్వాలి. అందులో లోపం లేనివాళ్లనూ ఆడనిస్తారు, అంతర్జాతీయ మ్యాచ్‌లలో అయితే ఐదుగురిలో ఇద్దరికి మించకూడదు. బంతి పట్టుకోవాలి, విసరాలి, పట్టీ లాగాలి, అంటే వేళ్లు పనిచేసేవాళ్ల ఆట అది. చేతులు బాగుండి నడవలేని మనిషీ, నడవగలిగే వాళ్ల అన్నా, ఇద్దరూ కుర్చీలో కూర్చుంటే దాదాపు సమానమే. కుర్చీ తిప్పడంలో పదేళ్ల అలవాటున్న మనిషి, కొత్తగా కూర్చున్న వాణ్ణి అరగంటలో ఊపిరాడకుండా చేస్తాడు. అక్కడ లోపం లేనివాళ్లు రావడం వల్ల జట్లు నిండుతున్నాయి, ఇంట్లోవాళ్లు కలిసి ఆడుతున్నారు. దాన్ని మోసం అనడం అన్యాయం.

ఆ ఆటే ఇక్కడ పెడితే బాగుండు అని చాలామంది అంటారు. పెట్టండి, తప్పకుండా పెట్టండి. మా తమ్ముడికి మాత్రం అందులో చోటు ఉండదు.

నేను ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. ఆదివారం పొద్దున ప్రాక్టీసుకు రావలసినవాళ్లు తొమ్మిది మంది. ఏ ఆదివారమూ తొమ్మిది మంది రారు. ఒకరికి కూర్చుని కూర్చుని పుండు పడుతుంది, ఇంకొకరికి యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో జ్వరం, ఇంకొకరికి కుర్చీ ఎక్కించుకునే ఆటో దొరకదు, తిరువళ్లూరు నుంచి రావాల్సిన అబ్బాయికి తోడు వచ్చే బాబాయికి ఆ రోజు డ్యూటీ పడుతుంది. ఆరుగురే వస్తే నలుగురూ నలుగురూ ఆడటం కుదరదు. అలాంటి ఒక ఆదివారం కోచ్ నన్నూ, ఫిజియోథెరపీ చదివే ఒక అమ్మాయినీ కూర్చోమన్నారు. బెల్టు కట్టారు. ఆ కుర్చీ మన ఆసుపత్రుల్లో కనిపించే కుర్చీలా ఉండదు, చక్రాలు కింద వెడల్పుగా పైన దగ్గరగా వాలి ఉంటాయి, ఊచల్లో ఏదీ ఇరుక్కోకుండా పళ్లెంలాంటి మూత ఉంటుంది, ముందు ఇనుప గార్డు. అసలైన కుర్చీ లక్షల్లో మాట, మా వాళ్లకు అలాంటివి నాలుగే ఉన్నాయి, మిగతావి పాత బాస్కెట్‌బాల్ కుర్చీలకు ఇక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో వెల్డింగ్ షాపులో గార్డు వేయించినవి.

మొదటి ఐదు నిమిషాల్లో నేను మూడు గోల్స్ వేశాను. జీవితంలో ఏ ఆటా ఆడని నేను. చక్రాన్ని వేళ్లతో పట్టి లాగాను, బంతిని పట్టుకున్నాను, విసిరాను, అంతే. మా తమ్ముడు అరచేతి అడుగుభాగంతో చక్రాన్ని తోసుకుంటాడు, గ్లవ్స్‌కి జిగురు రాసుకుని. నేను ఒక్కసారి లాగితే వాడు నాలుగుసార్లు తోయాలి. ఆట ఆట కాకుండా పోయింది, ఎవరి ముఖంలోనూ ఉత్సాహం లేదు. అప్పుడు వాడే పక్కకు వచ్చి, "అక్కా, పిడికిలి బిగించి ఆడు. వేలు విప్పావంటే ఫౌల్" అన్నాడు. కోచ్ నా రెండు పిడికిళ్లకూ క్రేప్ బ్యాండేజీ చుట్టేశారు. ఆ తర్వాత చూడండి. బంతి నా ముందే దొర్లుతోంది, చెయ్యి పెడితే జారిపోతోంది, వంగితే దొరకదు, చక్రం తోస్తే కుర్చీ ఒక పక్కకే తిరుగుతోంది. అయినా నా మోచెయ్యి చాచే బలం నాకుంది, నడుము నిలబెట్టే కండరాలు ఉన్నాయి. అవి కూడా తీసేసి ఊహించుకోవాలి. ప్రాక్టీసు అయ్యాక బ్యాండేజీ విప్పుకుంటుంటే, వేళ్లు ఒక్కొక్కటీ విచ్చుకోవడం చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది. నాది విప్పుకోగలిగిన పిడికిలి.

కాబట్టి నా మాట ఇది. ప్రాక్టీసులో మనిషి తక్కువైతే మనలాంటివాళ్లు కూర్చోవాలి, పిడికిలి బిగించి కూర్చోవాలి. కుర్చీ ఖాళీగా ఉంటేనే కూర్చోవాలి. ఆడాల్సిన అబ్బాయి గోడ పక్కన ఎదురుచూస్తుంటే మనం దిగిపోవాలి. పాయింట్లు లెక్కపెట్టే మ్యాచ్ రోజు కోర్టు గీత లోపలికి అడుగు పెట్టకూడదు. కెనడాలో దేశంలోపలి వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్‌లో లోపం లేనివాళ్లకు అత్యధికంగా 4.5 పాయింట్లు వేసి ఆడనిస్తారు. చూపులేని వాళ్ల ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ చూపున్న మనిషే. ఏ ఆటకు ఆ ఆట స్వభావాన్ని బట్టి తలుపు ఎంతవరకు తెరవాలో వాళ్లు నిర్ణయించుకున్నారు. ఈ ఆటలో ఆ తలుపు చేతుల దగ్గర మూసుకుంటుంది, మూసుకోవాలి కూడా.

తలుపు కాపలా ఎందుకంటే, మోసం జరగలేదా, జరిగింది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో బుద్ధి వికాసంలో లోపం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ స్వర్ణం గెలిచింది, తర్వాత చూస్తే పన్నెండు మందిలో పదిమందికి ఏ లోపమూ లేదు. పతకం వెనక్కి తీసుకున్నారు. అంతటితో ఆగిందా? ఆ విభాగాన్నే పారాలింపిక్స్ నుంచి తీసేశారు, మళ్లీ 2012 లండన్ దాకా చేర్చలేదు. పదిమంది చేసిన పనికి ఏ పాపమూ తెలియని పిల్లలు ఏథెన్స్, బీజింగ్ రెండు పోటీలు కోల్పోయారు. అందుకే ఇప్పుడు పరీక్షలు అంత కఠినంగా ఉన్నాయి. ఆ కాఠిన్యం మన దేశానికీ తగిలింది, 2021లో టోక్యోలో మన దేశపు డిస్కస్ ఆటగాడు గెలిచిన కాంస్యం, ఆయన ఏ తరగతిలోకి వస్తారో తేల్చలేకపోయామని రద్దు చేశారు, తర్వాత తన సామర్థ్యాన్ని కావాలనే తప్పుగా చూపారని ఆయన మీద రెండేళ్ల నిషేధం కూడా వేశారు. పతకం రద్దయిందని చదివిన రోజు మా తమ్ముడు రాత్రి అన్నం తినలేదు.

పాఠకుడు గారి ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది. ఈ ఆటలకు జనం రారు కాబట్టి రక్తి కోసం మామూలు వాళ్లను దించుతున్నారేమో అని. ఈ మాట నాకు నిజంగా నొప్పి కలిగించింది. జనం రాకపోవడానికి కారణం కోర్టులో లేదు సార్, బయట ఉంది.

జనం ఎలా వస్తారో చూడండి. 2022 నవంబరులో మాంచెస్టర్‌లో వీల్‌చెయిర్ రగ్బీ లీగ్ వరల్డ్ కప్ ఫైనల్ జరిగింది, ఇంగ్లండ్ ఫ్రాన్స్ మీద 28-24తో గెలిచింది. చూడ్డానికి వచ్చినవాళ్లు 4,526 మంది. ఆ ఆటకు అప్పటికి అదే రికార్డు. 2024 పారిస్‌లో వీల్‌చెయిర్ రగ్బీని ఈఫిల్ టవర్ పక్కనే ఉన్న హాల్లో పెట్టారు. జపాన్ సెమీస్‌లో ఆస్ట్రేలియాను అదనపు సమయంలో 52-51తో ఓడించి, ఫైనల్లో అమెరికాను 48-41తో గెలిచి మొదటిసారి స్వర్ణం తెచ్చుకుంది. ఆ సెమీస్ నేను ఫోన్‌లో చూశాను, కుర్చీలు గుద్దుకున్న ప్రతిసారీ జనం అరుపు, ఫోన్ పక్కన పెట్టినా వినిపించింది. ఆడవాళ్ల రగ్బీకి ఎవరొస్తారు అన్న రోజులు పోయాయి, 2025 సెప్టెంబరులో లండన్‌లోని ట్వికెన్‌హామ్ స్టేడియంలో ఇంగ్లండ్, కెనడా ఆడిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కు 81,885 మంది వచ్చారు. చూసే అవకాశం కల్పించాలి, తేదీ చెప్పాలి, దారి చెప్పాలి. జనం వస్తారు.

రగ్బీ జనంలో నాకు నచ్చేది ఇంకోటి ఉంది. రెండు జట్ల అభిమానులనూ వేరు చేసి కంచెలు కట్టరు, పక్కపక్కనే కూర్చుంటారు. ఐర్లండ్‌లో లిమరిక్ అనే ఊళ్లో థోమండ్ పార్క్ అని స్టేడియం ఉంది. పెనాల్టీ కొట్టడానికి ఆటగాడు బంతి పెట్టుకుంటే, అవతలి జట్టు వాడైనా సరే, స్టేడియం మొత్తం గుడి గర్భాలయంలా నిశ్శబ్దం అయిపోతుందట. ఇలాంటిది మనకు రాదు అనకండి. 1999 జనవరిలో మన చేపాక్‌లో పాకిస్తాన్ 12 పరుగులతో టెస్టు గెలిచింది. సచిన్ 136 కొట్టి అవుటయ్యాక అందరి గుండె పగిలి ఉంది. అయినా జనం లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకు చప్పట్లు కొట్టారు, ఆ జట్టు మైదానం చుట్టూ తిరిగింది. మా నాన్న ఆ రోజు స్టాండ్‌లో ఉన్నారు, ఇప్పటికీ చెబుతారు. ఆ ఊరే ఇది. ఆటను ఎలా చూడాలో ఈ ఊరికి తెలుసు.

మా మ్యాచ్‌కు వచ్చేది ఇరవై, ఇరవై ఐదు మంది. అందరూ ఇంటివాళ్లే. వాళ్లు కూడా ఆట చూడరు, బాధ చూస్తారు. కుర్చీలు గుద్దుకుంటే 'అయ్యో' అంటారు, గోల్ వేస్తే కళ్లు తుడుచుకుంటారు, రెండు జట్లకూ ఒకేలా మెల్లగా చప్పట్లు కొడతారు, స్కూలు వార్షికోత్సవంలో చిన్నపిల్లల డ్యాన్సుకు కొట్టినట్టు. ఒకసారి మా తమ్ముడి కుర్చీ పక్కకు ఒరిగి పడిపోయింది. ఈ ఆటలో అది మామూలే, గడియారం ఆపుతారు, జట్టు సహాయకులు వచ్చి కుర్చీతో సహా లేపుతారు. అంతలోనే గ్యాలరీలోంచి ఒక పెద్దాయన కోర్టులోకి పరిగెత్తుకొచ్చి బెల్టు విప్పి, వాణ్ణి చంకల కింద పట్టుకుని లాగబోయారు. మెడ ఆపరేషన్ అయిన మనిషిని! వాడు నేల మీద పడుకునే "అయ్యా, బెల్టు తీయొద్దు, కుర్చీతోనే లేపండి" అని అరుస్తున్నాడు, ఆయనకు కంగారులో వినపడలేదు. నేను పరిగెత్తి ఆపాను. ఆయనది మంచి మనసే, నేను కాదనను. లేచాక వాడు చేసిన మొదటి పని ఏమిటంటే స్కోరు బోర్డు చూడటం. ఎంత సమయం మిగిలిందో అడిగాడు. వాడి కళ్లలో కన్నీళ్లు లేవు, కోపం ఉంది, బంతి పోయిందని.

అలాంటి కోపాన్ని అర్థం చేసుకునే జనం కావాలి. తప్పుడు పాస్ ఇస్తే "ఏం పాస్ అది!" అని అరిచే జనం. అవతలి జట్టును గేలి చేయకుండా తన జట్టును గొంతు పోయేలా పిలిచే జనం. నిశ్శబ్దం కావాల్సిన ఆటలు వేరే ఉన్నాయి, చూపులేని వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతిలోని గజ్జెల చప్పుడు వినపడాలి కాబట్టి ఆట నడుస్తున్నంతసేపు ఊపిరి బిగపట్టి కూర్చోవాలి. ఇక్కడ అలా కాదు. ఎంత అరిస్తే అంత మంచిది. అప్పుడప్పుడు ఆటగాళ్లు సీసాలతో ముఖం మీద, మెడ మీద నీళ్లు కొట్టుకోవడం కనిపిస్తుంది, చాలామంది అది సరదా అనుకుంటారు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు దెబ్బ కింద భాగంలో చెమట సరిగా పట్టదు, ఒంటి వేడి బయటికి పోదు. చెన్నై మే నెలలో ఏసీ లేని హాల్లో ఆట అంటే ఏమిటో ఆలోచించండి. విరామంలో తడి తువ్వాలు మెడ మీద వేయడానికి, స్ప్రే సీసాలు నింపడానికి, పంక్చరైన టైరు మార్చడానికి మనుషులు కావాలి. ఒంట్లో లోపం లేనివాళ్లకు ఈ ఆటలో ఇన్ని పనులున్నాయి.

ఇంకో బాధ చెప్పాలి. మేం వెళ్లే ఒక హాల్లో కోర్టులోకి ర్యాంప్ ఉంది, సంతోషం. గ్యాలరీకి మాత్రం పద్దెనిమిది మెట్లు. ఆడటానికి కాక చూడటానికి వచ్చే వీల్‌చెయిర్ మనిషి ఎక్కడ కూర్చోవాలి? పోయినసారి తమ్ముడితో పాటు ఆసుపత్రిలో ఉన్న ఒక స్నేహితుడు కొత్తగా ఇల్లు దాటి వచ్చాడు, దెబ్బ తగిలి ఏడాదే అయింది, ఆట ఎలా ఉంటుందో చూద్దామని. గ్యాలరీకి వెళ్లలేడు, కోర్టు పక్కన ఉంటే బంతి తగులుతుందని ఒప్పుకోలేదు. తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చుని, తలుపు సందులోంచి చూసి వెళ్లాడు. మళ్లీ రాలేదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో ఆటల గురించి విడిగా ఒక సెక్షనే ఉంది, 30వది. క్రీడా స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని అది చెబుతుంది. ప్రేక్షకులు అందులోకి రారా?

వీల్‌చెయిర్ క్రీడలకు మన ఊరు ఎడారి ఏమీ కాదు. మన సత్తుపల్లి ఆడపడుచు మాధవీలత గారు, పసితనంలో పోలియో వచ్చిన మనిషి, ఈ చెన్నైలోనే ఉండి ఈత పోటీలు గెలిచి, దేశానికి వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ సమాఖ్యను నిలబెట్టారు. పక్కనే వెల్లూరులో, కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన మేరీ వర్గీస్ గారు కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు, 1960లలోనే వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కోసం పునరావాస కేంద్రం నడిపారు. మామూలు రగ్బీకి కూడా రోజులొచ్చాయి, 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌ను చెన్నై పేరు పెట్టుకున్న జట్టే గెలిచింది, కానీ ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ ముంబైలోనే ఆడారు. చెన్నై జట్టును అప్పుడు చెన్నైలో ఎవరూ చూడలేదు. మన దేశం ఇంతవరకు పారాలింపిక్స్ వీల్‌చెయిర్ రగ్బీలో ఆడలేదు. ఎప్పటికి ఆడుతుందో గానీ, ఆడే రోజున ఆ జట్టులో తక్కువ పాయింట్ల పిల్లవాడు ఒకడు ఉండాలి కదా, వాడు ఇప్పుడు ఎక్కడో ఒక ఇంట్లో మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తూ ఉంటాడు. ఇలాంటి ఆట ఒకటి ఉందని వాడికి ఎవరు చెబుతారు? మీ పేపరు చెప్పొచ్చు. క్రికెట్ స్కోర్ల కింద నాలుగు లైన్లు చాలు.

వచ్చే నెల రెండో ఆదివారం మా వాళ్లు రెండు జట్లుగా ఆడుతున్నారు. పొద్దున ఎనిమిదికి మొదలు, ఎండ ముదరకముందే అయిపోతుంది. టికెట్ లేదు. హాలు పేరు, దారి ఈ ఉత్తరంతో పాటు విడిగా రాసి పంపుతున్నాను, అడిగినవాళ్లకు మీ ఆఫీసు వాళ్లు చెబితే చాలు. గ్యాలరీ ఎక్కలేని వాళ్ల కోసం ఈసారి కోర్టు చివర వల కట్టి పది కుర్చీలు పట్టేంత చోటు ఉంచమని అడిగాం, ఒప్పుకున్నారు. ఉత్తరం రాసిన పాఠకుడు గారిని కూడా రమ్మని నా తరఫున చెప్పండి. మ్యాచ్ అయ్యాక అరగంట కుర్చీలు ఖాళీగా ఉంటాయి. క్రేప్ బ్యాండేజీ నేను తెస్తాను.

ఇట్లు,
ఒక అక్క,
అంబత్తూరు, చెన్నై.